ఆ కోటు కుట్టినవాళ్ల గురించి కూడా చెప్పండి

ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఫ్యాషన్ డిజైన్, దుస్తుల తయారీ కోర్సుల పాఠ్యప్రణాళికలను నిర్ణయించే పెద్దలకు, ఆ పాఠాలు చెప్పే తోటి అధ్యాపకులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఎందరో ఆడపిల్లలకు ఈ కోర్సులు అన్నం పెట్టాయి. అందులో మీ శ్రమ నాకు తెలుసు కనుక ఈ లేఖను గౌరవంతోనే రాస్తున్నాను. హిట్లర్ కాలపు యూనిఫారాలను మన క్లాసుల్లో చూపుతున్న తీరు మీద ఇంతకుముందు రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ తపాలా రసీదు తప్ప జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాయవలసి వచ్చింది.

నేను ఇరవై ఆరేళ్లుగా కటింగ్, కుట్టుపని నేర్పుతున్నాను. రెండేళ్ల కిందట ఒక కళాశాలవారు యూనిఫారాల రూపకల్పన మీద పాఠం చెప్పమని పిలిస్తే వెళ్లాను. నాకు ముందు క్లాసు తీసుకున్నవారు తెర మీద ఒక బొమ్మ వదిలి వెళ్లారు. నల్లకోటు, నడుముకు వెడల్పాటి బెల్టు, భుజం మీదుగా ఏటవాలుగా తోలుపట్టీ, కాలరు మీద పిడుగుల్లాంటి రెండు గీతలు. చరిత్రలోకెల్లా గొప్ప యూనిఫారం డిజైన్ ఇదేననీ, దీని రూపకర్త హ్యూగో బాస్ అనీ కింద రాసి ఉంది. (మగవాళ్ల సూట్లకు పేరుపడ్డ జర్మన్ బ్రాండుకున్నది ఆయన పేరే.) వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, భుజం దగ్గర ఆ ఫిట్టింగ్ ఎలా తెచ్చారు?" అని అడిగింది. కుట్టు నేర్చుకునే పిల్ల అడగవలసిన ప్రశ్నే అది. నేనూ అలవాటు కొద్దీ భుజం కొలత గురించి, లోపల వేసే క్యాన్వాస్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు గడిచాక నేను వివరిస్తున్నది ఏ దుస్తుల గురించో తెలిసొచ్చి ఆగిపోయాను. ఆ పిల్లలెవరికీ అది హిట్లర్ నాజీ పార్టీ సాయుధ విభాగమైన ఎస్‌.ఎస్‌. దళం కోటు అని తెలియదు. ఒకరిద్దరికి తెలిసినా, అది ఆ బ్రాండు గొప్పతనానికి చిహ్నంగానే తెలుసు.

ముందుగా ఆ రాతలో తప్పును సరిచేయాలి. ఎస్‌.ఎస్‌. నల్ల యూనిఫారాన్ని హ్యూగో బాస్ రూపొందించలేదు. దాన్ని కార్ల్ డీబిట్ష్ అనే చిత్రకారుడూ, వాల్టర్ హెక్ అనే గ్రాఫిక్ కళాకారుడూ రూపొందించారు. కాలరు మీది ఆ రెండు గీతల గుర్తును హెక్ గీస్తే, దాని హక్కుల కింద ఆయనకు ముట్టింది రెండున్నర మార్కులు (మార్కు అంటే అప్పటి జర్మన్ డబ్బు). హ్యూగో బాస్ చేసింది వేరే పని: ఆర్డరు తీసుకుని, గుడ్డ కోసి, కుట్టించి సరఫరా చేయడం. మన భాషలో చెప్పాలంటే ఆయన జాబ్‌వర్కు చేసిన ఫ్యాక్టరీ యజమాని. డిజైన్ ఆయనది కాదని తేలింది కదా, ఇక గొడవేమిటని కొందరు సహాధ్యాపకులు నాతో అన్నారు. నా గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఆ గీత గీసిందెవరన్న చర్చలో మనం మునిగిపోయినంతకాలం, ఆ కోట్లను ఏ గదుల్లో, ఎవరి చేత, ఏ స్థితిలో కుట్టించారన్నది పాఠంలోకి రాదు.

హ్యూగో ఫెర్డినాండ్ బాస్ 1885లో దక్షిణ జర్మనీలోని మెట్జింగెన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. అక్కడే 1924లో ఫ్యాక్టరీ పెట్టి చొక్కాలు, కోట్లు, పనివాళ్ల దుస్తులు కుట్టించాడు. మ్యూనిక్‌కు చెందిన రుడాల్ఫ్ బోర్న్ అనే వస్త్రవ్యాపారి ఇచ్చిన ఆర్డర్లలో నాజీ పార్టీవాళ్లు తొడుక్కునే గోధుమరంగు చొక్కాలు కూడా ఉండేవి. ఆర్థిక మాంద్యం దెబ్బకు 1931లో బాస్ దివాలా అంచుకు చేరాడు. అప్పులవాళ్లతో ఒప్పందం కుదిరాక ఆయన చేతిలో మిగిలినవి ఆరు కుట్టుమిషన్లు. ఆ ఏడాదే ఆయన నాజీ పార్టీలో చేరాడు. హిట్లర్ గద్దెనెక్కింది 1933లో కనుక, పార్టీ సభ్యత్వం లేనిదే బతుకు లేదన్న రోజులు అప్పటికింకా రాలేదు. ఆ తర్వాత నాజీ పార్టీ వీధిసేన అయిన ఎస్‌.ఏ. దళానికీ, ఎస్‌.ఎస్‌.కూ, హిట్లర్ యువదళానికీ, చివరకు సైన్యానికీ దుస్తులు కుట్టే ఆర్డర్లు వరసగా వచ్చాయి. 1924 నుంచీ పార్టీ యూనిఫారాలు సరఫరా చేస్తున్నామని కంపెనీ తన ప్రకటనల్లో గొప్పగా చెప్పుకుంది. 1932లో 38,260 మార్కులున్న అమ్మకాలు 1941 నాటికి 33 లక్షల మార్కులు దాటాయి.

మనవాళ్లకు ఈ కథ అర్థం కానిదేమీ కాదు. సర్కారు ఆర్డరు వచ్చిన ఏడాది సిరిసిల్లలో మరమగ్గాలు ఎలా ఆడతాయో, రాని ఏడాది ఆ వీధులు ఎలా మూగబోతాయో చూసినవాళ్లం. బతుకమ్మ చీరలకో, బడిపిల్లల దుస్తులకో ప్రభుత్వం గుడ్డ నేయించడానికీ, ఒక హంతక ప్రభుత్వం తన దళాలకు కోట్లు కుట్టించుకోవడానికీ పోలికే లేదు. అయితే ఆరు మిషన్లతో మిగిలిన మనిషికి పెద్ద ఆర్డరు ఎంత ఊరటో, దాన్ని కాదనడం ఎంత కష్టమో మన విద్యార్థులకు చప్పున తెలుస్తుంది. బాస్‌ను రాక్షసుడిగా బొమ్మ కట్టి చూపిస్తే ఈ పాఠం వాళ్లకు అందకుండా పోతుంది. నష్టాల్లో ఉన్న ఒక మామూలు కుట్టుఫ్యాక్టరీ యజమాని ఏ మెట్టు దగ్గర ఏం ఒప్పుకున్నాడో చూపించాలని నా కోరిక.

ఇక ఆ ఒప్పుకోళ్ల భారం ఎవరి మీద పడిందో అంశాలవారీగా మీ ముందు పెడుతున్నాను.

1. మెట్జింగెన్ ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో సుమారు 140 మంది నిర్బంధ కార్మికులు పనిచేశారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమంది పోలండ్ నుంచి తెచ్చినవాళ్లు. వీరు కాక 1940 అక్టోబరు నుంచి 1941 ఏప్రిల్ వరకు 40 మంది ఫ్రెంచి యుద్ధఖైదీలు కూడా అక్కడ పనిచేశారు. పెద్ద ఆయుధ కర్మాగారాల పక్కన పెడితే ఇవి చిన్న అంకెలే. కానీ 140 మంది అంటే మన చిన్న గార్మెంట్ యూనిట్‌లో రెండు, మూడు లైన్లు నిండా మనుషులు. అంతమందిని పేరుపేరునా ఎరిగి ఉండగల ఫ్యాక్టరీ అది.

2. ఆ స్త్రీలలో ఒకామె కథ రికార్డుల్లో ఉంది. ఆమె కుటుంబం ఇంకా ఉండవచ్చు కనుక పేరు రాయడం లేదు. తోబుట్టువులను సాకడంలో తండ్రికి సాయపడాలని ఆ పోలండ్ యువతి ఫ్యాక్టరీ నుంచి తప్పించుకుని ఇంటికి వెళ్లింది. నాజీల రహస్య పోలీసులైన గెస్టపో ఆమెను పట్టుకుని నిర్బంధ శిబిరాలైన ఆష్‌విట్జ్‌కూ, తర్వాత బూఖెన్‌వాల్డ్‌కూ పంపింది. బాస్ తనకున్న పలుకుబడితో ఆమెను విడిపించి మళ్లీ మెట్జింగెన్‌కు రప్పించాడు. ఇక్కడిదాకా విన్నవాళ్లు ఆయన మంచివాడే కదా అంటారు. తిరిగొచ్చిన మనిషి చేత ఫోర్‌మన్ ఊపిరి సలపనీయకుండా పని చేయించాడు. ఆమె కుప్పకూలింది. ఆ తర్వాత సెలవు ఇచ్చారు. 1943 జులైలో ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. అంత్యక్రియల ఖర్చు బాస్ భరించాడు. యజమాని పలుకుబడి కాన్సన్‌ట్రేషన్ క్యాంపు దాకా పాకింది గానీ తన ఫ్యాక్టరీ నేల మీదున్న ఫోర్‌మన్ దాకా రాలేదు. ఈ ఒక్క సంగతి చెప్పడానికి నాకు క్లాసులో ఒక గంట కావాలి.

3. మన పనికి సంబంధించిన ఒక కొలత చెబుతాను. 1940 మార్చి నాటి ఆజ్ఞల ప్రకారం జర్మనీలోని పోలండ్ పౌరకార్మికులు తాము తొడుక్కునే ప్రతి వస్త్రం మీదా కుడి ఎదపై ఒక గుర్తు కుట్టుకోవాలి. మూల మీద నిలబెట్టిన చదరం, భుజం పొడవు 5 సెంటీమీటర్లు, పసుపు నేల, అర సెంటీమీటరు ఊదా అంచు, మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఊదా రంగు 'పీ' అక్షరం. పిన్నుతో తగిలించుకుంటే ఒప్పుకోరు, గట్టిగా కుట్టాల్సిందే. ఆ గుర్తున్నవారికి జర్మనులతో కలిసి చర్చికి వెళ్లే వీలు లేదు, అనుమతి లేకుండా బస్సో రైలో ఎక్కే వీలు లేదు. అంత కచ్చితంగా కొలత రాసిపెట్టిన ఆ చదరాన్ని నేను కాగితం మీద గీసి, పసుపు గుడ్డ మీద కత్తిరించి చూశాను. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుంటే అరచేతిలో సగం కూడా రాదు.

4. పని పోగొట్టుకున్నవాళ్ల లెక్క కూడా ఉంది. బెర్లిన్‌లోని హాస్‌ఫోగ్టాయ్ ప్లాట్జ్ చుట్టూ ఉన్న రెడీమేడ్ దుస్తుల వ్యాపారంలో యూదులది పెద్ద భాగం. వారిని ఆ వ్యాపారం నుంచి వెళ్లగొట్టడానికే 1933లో అడెఫా అనే తయారీదార్ల సంఘం పుట్టింది. తమ సరుకు 'ఆర్యుల' (అంటే యూదులు కాని జర్మనుల) చేతిమీదుగా వచ్చిందని చాటే లేబుళ్లను ఆ సంఘం సభ్యులు దుస్తులకు కుట్టేవారు. వచ్చిన పని అయిపోయిందని 1939 ఆగస్టులో సంఘాన్ని మూసేశారు. ఏ పోలీసూ తలుపు తట్టకముందే, పక్క దుకాణంవాడే లేబులుతో సాటి వ్యాపారిని బజారుపాలు చేశాడు. బెర్లిన్‌లో బట్టల మెయిల్ ఆర్డర్ వ్యాపారం నడిపిన కార్ల్ యోయెల్ 1938లో దాన్ని కారుచౌకగా యోసెఫ్ నెకర్‌మన్‌కు వదులుకుని దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. దర్జీలు, గుమస్తాలు, కాజాలు కుట్టే ఇంటిపనివాళ్లు ఎందరు రోడ్డున పడ్డారో మన పాఠాల్లో ఒక్క వాక్యం లేదు.

5. రావెన్స్‌బ్రుక్ బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న మహిళల క్యాంపు. లక్షకు పైగా స్త్రీలను అందులో బంధించారు. ఎస్‌.ఎస్‌. సొంత వస్త్ర సంస్థ టెక్స్‌లెడ్ అక్కడే కుట్టుశాలలు నడిపింది. పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు. కోటా తగ్గితే దెబ్బలు. తమను కొట్టేవాళ్ల యూనిఫారాలను ఆ స్త్రీలు కుట్టారు. ఇది బాస్ ఫ్యాక్టరీ కాదు, రెండింటినీ కలిపి చెప్పకూడదు. అయితే "గొప్ప డిజైన్" అని మనం తెర మీద వేసే ఆ దుస్తుల ఉత్పత్తి గొలుసులో ఈ కుట్టుశాలలూ ఉన్నాయి.

6. న్యాయం ఎంత ఆలస్యంగా వచ్చిందో కూడా చెప్పాలి. యుద్ధానంతర విచారణలో బాస్‌ను మొదట నాజీ పాలనకు క్రియాశీల మద్దతుదారుగా, లబ్ధిదారుగా తేల్చి, ఓటుహక్కు తీసేసి, లక్ష మార్కుల జరిమానా వేశారు. ఆయన అప్పీలు చేసుకుంటే 'వెంట నడిచినవాడు' అనే తేలిక తరగతికి మార్చారు. 1948లో ఆయన చనిపోయాడు. అల్లుడు ఫ్యాక్టరీని నిలబెట్టాడు, మగవాళ్ల సూట్లు వచ్చాయి, పేరు ప్రపంచమంతా పాకింది. 1997లో స్విస్ బ్యాంకుల నిద్రాణ ఖాతాల జాబితాలో బాస్ పేరు కనబడేదాకా ఈ సంగతులు పెద్దగా బయటికి రాలేదు. అప్పట్లో ఆయన కుమారుడు ఒక ఆస్ట్రియా పత్రికతో, పార్టీలో లేనివాళ్లెవరు, పరిశ్రమ అంతా నాజీలకే పనిచేసిందన్న అర్థంలో మాట్లాడాడు. (ఈ సమర్థన మన దగ్గర ఏ బజారులో వినబడదో మీరే చెప్పండి.) జర్మన్ ప్రభుత్వమూ కంపెనీలూ చెరి సగం వేసి వెయ్యి కోట్ల మార్కులతో 2000లో నెలకొల్పిన పరిహార నిధిలో హ్యూగో బాస్ సంస్థ కూడా చేరింది. క్యాంపుల్లో బానిసచాకిరీ చేసినవారికి గరిష్ఠంగా 15,000 మార్కులు, ఫ్యాక్టరీల్లో నిర్బంధంగా పనిచేసినవారికి 5,000 మార్కుల దాకా ఇచ్చారు. 2007 నాటికి 16 లక్షల మందికి పైగా ఆ డబ్బు అందింది. ఇరవై ఏళ్ల వయసులో మిషన్ ముందు కూర్చోబెట్టిన పిల్ల ఆ చెక్కు అందుకునేసరికి ఎనభైకి దగ్గరపడింది. అప్పటికే పోయినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2011లో రోమన్ కోస్టర్ అనే ఆర్థిక చరిత్రకారుడు కంపెనీ ఖర్చుతోనే చేసిన పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో బాధలు పడినవారి పట్ల కంపెనీ అప్పుడు బహిరంగంగా విచారం ప్రకటించింది. పైన నేను రాసిన అంకెలు చాలావరకు ఇప్పుడు ఎవరైనా చదువుకోగలిగినవే. కంపెనీయే ఒప్పుకున్న సంగతిని మన క్లాసులో దాచవలసిన అవసరం ఏమొచ్చింది?

7. మన పిల్లల సంగతికి వస్తాను. తెలుగునాట కోపిష్టి తండ్రినీ, కఠినమైన హెడ్మాస్టరునూ ముద్దుగా "మా ఇంటి హిట్లర్" అనుకోవడం అలవాటు. ఆ మాట అనేవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, ఆ పేరు వెనక ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 2012లో అహ్మదాబాద్‌లో ఒక మగవాళ్ల బట్టల దుకాణానికి అదే పేరు పెట్టి, ఇంగ్లిషు 'ఐ' మీది చుక్కలో స్వస్తిక గుర్తు వేశారు. నిరసనలు వచ్చాక మార్చారు. ఇది వేరే ఊరి కథే అయినా, ఆ దుకాణానికి బోర్డు రాసే పిల్లలనూ, ఆ దుకాణంలో బట్టలు డిజైన్ చేసే పిల్లలనూ తయారు చేసేది మనలాంటి కళాశాలలే. పైగా ఇక్కడ చదివినవాళ్లు రేపు అచ్యుతాపురంలోనో, బెంగళూరులోనో, తిరుప్పూరులోనో మెర్చండైజర్లుగా, లైన్ సూపర్‌వైజర్లుగా కుదురుతారు. ఆర్డరు కాగితం మొదట చూసేది వాళ్లే. కోటా తగ్గిందని మిషన్ దగ్గరి ఆడమనిషి మీద అరవాలో వద్దో తేల్చుకోవలసిందీ వాళ్లే.

ఈ పరిస్థితిలో నేను కోరుతున్నవి ఇవి.

8. నాజీ యూనిఫారాలను స్ఫూర్తిదాయక డిజైన్లుగా చూపే బోధనాసామగ్రి ఏ కళాశాలలో ఉన్నా ఈ విద్యాసంవత్సరంలోనే తొలగించాలి. చరిత్రలో భాగంగా ఆ బొమ్మ చూపవలసి వస్తే, దాన్ని కుట్టించిన పద్ధతినీ, కుట్టినవాళ్లనూ అదే పాఠంలో చెప్పాలి. హ్యూగో బాస్ దాన్ని రూపొందించాడన్న తప్పును కూడా సరిదిద్దాలి. అబద్ధంతో ఎవరినైనా నిందిస్తే, చేసిన అసలు పనికి వాళ్లు జవాబు చెప్పకుండానే తప్పుకుంటారు.

9. దుస్తుల పరిశ్రమ చరిత్రలో నిర్బంధశ్రమ మీద కనీసం నాలుగు గంటల పాఠాన్ని చేర్చి, తెలుగులో పుస్తకం ఇవ్వాలి. డిప్లొమా, ఐ.టి.ఐ. పిల్లల్లో ఎక్కువమంది తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారే. ఇంగ్లిషులో ఇచ్చిన పాఠాన్ని వాళ్లు పరీక్షకు బట్టీపట్టి మరిచిపోతారు.

10. మెర్చండైజింగ్ పేపరులో ధర, గడువు, నాణ్యత లెక్కలతోపాటు మరి మూడు ప్రశ్నలు తప్పనిసరి చేయాలి: ఈ సరుకు ఎవరికి వెళ్తోంది, దీన్ని కుట్టేవారు ఇష్టం లేకపోతే పని మానేసి ఇంటికి వెళ్లగలరా, వెళ్తే వాళ్లకేమవుతుంది. సైనిక పాలనలున్న దేశాల్లో నేటికీ గార్మెంట్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్న మయన్మార్‌లో ఉండాలా, వెళ్లిపోవాలా అని ఎన్నో విదేశీ బ్రాండ్లు తర్జనభర్జన పడ్డాయి. వెళ్లిపోతే అక్కడి కార్మికస్త్రీల కూలి పోతుంది, ఉంటే ఆ పాలకులకు ఆదాయం వస్తుంది. దీనికి తేలిక జవాబు నా దగ్గరా లేదు. ఆ ప్రశ్నతో తలపడడం మాత్రం విద్యార్థికి నేర్పాలి.

11. కళాశాలల ఫ్యాషన్ ప్రదర్శనల్లో ఆ కోటునూ ఆ గుర్తులనూ అలంకారంగా వాడరాదని స్పష్టమైన సూచన ఇవ్వాలి. పిల్లలను శిక్షించమని నేను అడగడం లేదు. తెలియక చేసినవాళ్లకు తెలియజెప్పడం మన ఉద్యోగం.

12. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యం వస్తే, ఎవరు పరిశీలిస్తున్నారో, ఎప్పటికి తేలుస్తారో అడుగుతూ మళ్లీ రాస్తాను.

ఆ రోజు నన్ను భుజం ఫిట్టింగ్ అడిగిన అమ్మాయి కోర్సు పూర్తిచేసి ఇప్పుడొక యూనిట్‌లో క్వాలిటీ చెకింగ్‌లో ఉంది. ఆమెకు నేనిప్పటికీ సగం జవాబే బాకీ తీర్చాను. మిగతా సగం పాఠంగా రాసి పెట్టుకున్నాను. చేతిరాతలో పద్నాలుగు పేజీలు, కొలతలతో గీసిన ఆ ఊదా గుర్తు బొమ్మ ఒకటి. అడిగిన ఏ కళాశాలకైనా ఖర్చు లేకుండా ప్రతి పంపుతాను. తప్పులుంటే దిద్ది పంపమని అధ్యాపకులను కోరుతున్నాను.

ఇట్లు,
కటింగ్, కుట్టుపని నేర్పే ఒక బోధకురాలు